కింగ్రికి రోజుకో అరగంట



దండారి సెలవులు అయిపోయి పిల్లలు హాస్టల్‌కు తిరిగొచ్చిన వారంలో మాకు ప్రతి ఏడాదీ ఒకటే ప్రశ్న ఎదురవుతుంది. “మేడం, కింగ్రి నేర్చుకోవాలంటే ఎన్ని రోజులు పడుతుంది?” అడిగే పిల్లల కళ్లలో ఇంకా పండుగ నిద్ర ఉంటుంది. చెవుల్లో పేప్రె, డోలు మోగుతూనే ఉంటాయి. పది రోజులు గడిచేసరికి పరీక్షలు దగ్గర పడతాయి. ప్రశ్న మరుగున పడుతుంది. మళ్లీ వచ్చే ఏడాది దండారి దాకా ఎవరూ అడగరు.

చాలా ఏళ్లు మేము దానికి సరైన జవాబు చెప్పలేదు. “ముందు చదువుకోండమ్మా, తర్వాత చూద్దాం” అనేవాళ్లం. ఆ మాట ఎంత ఖరీదైనదో తర్వాత తెలిసింది. జవాబు వెతుక్కుంటూ ఊళ్లలో పెద్దలను అడిగాం, దొరికిన పుస్తకాలు తిరగేశాం. మన పెద్దలు వాద్యం ఎలా నేర్చుకున్నారో, ఆ పద్ధతి ఎక్కడ తెగిపోయిందో తెలిస్తేనే ఇవాళ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు దారి దొరుకుతుందని అర్థమైంది. ఈ వ్యాసంలో ముందు ఆ చరిత్ర, తర్వాత ఆ దారి రాస్తున్నాం.

వాద్యం ఒకరిది, కథ అందరిది

కింగ్రి చూడటానికి చిన్న వాద్యం. గుల్లగా తొలిచిన చెక్కకు తోలు బిగిస్తారు. మూడు తీగలు కడతారు. విల్లుతో వాయిస్తారు. కొన్ని ఊళ్లలో, ముఖ్యంగా తోటీల ఇళ్లలో దీన్నే కిక్రి అంటారు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో దీన్ని తరతరాలుగా పట్టుకున్నవాళ్లు ప్రధాన్‌లు, తోటీలు. వాళ్లు ఏ కథ చెబుతూ వాయిస్తారంటే, అది గోండుల కథ.

ఇక్కడ ఒక విశేషం ఉంది. ఆదిలాబాద్ ప్రధాన్‌ల ఇంటి భాష మరాఠీ. కింగ్రి ఎత్తితే మాత్రం వాళ్ల నోట గోండి వస్తుంది. అంటే ప్రధాన్ ఇంట పుట్టిన పిల్లవాడు వాద్యంతో పాటు ఒక భాషను, ఆ భాషలోని పాత మాటలను, దేవుళ్ల పేర్లను, వంశాల వరుసను కూడా నేర్చుకోవాలి. గోండులలో నాలుగు, ఐదు, ఆరు, ఏడు అన్నదమ్ముల సగలు ఉన్నాయని మీకు తెలుసు. ఒక్కో సగకు తన కథ ఉంది. ఒక్కో ప్రధాన్ కుటుంబం ఒక్కో గోండు వంశానికి కథకుల కుటుంబం. పెర్సాపేన్ పూజలో ఆ వంశం పుట్టుక కథను కింగ్రి మీద చెప్పవలసిన బాధ్యత వాళ్లది. అందుకు ధాన్యం, బట్టలు, డబ్బు, కలిగిన ఇళ్లలో పశువులు కూడా ఇచ్చేవారు.

మన పురాణంలోనే ఈ వాద్యానికి పెద్ద పీట ఉంది. పహండి కుపార్ లింగాల్ పేరు చెప్పినచోట హీరాసుక పటాలిర్ పేరు కూడా చెబుతారు. ప్రధాన్‌లకు ఆయన మూలపురుషుడు. గుహలో మూతపడ్డ దేవుళ్లు బయటికి రావడంలో ఆయన కింగ్రికి కూడా పాత్ర ఉందని ఒక కథనం. కింగ్రి మన దగ్గర కాలక్షేపానికి పుట్టిన వస్తువు కాదనడానికి ఆ కథ చాలు.

పండుగలే పాఠ్యక్రమం

కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలకు సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు ఉంటాయి. 16వ శతాబ్దపు పురందరదాసు వాటిని ఏర్పరచారని సంప్రదాయం చెబుతుంది. తేలిక నుంచి కష్టానికి మెట్లు కట్టినట్టు ఉంటుంది ఆ పద్ధతి. టీచర్ ట్రైనింగులో మాకు నేర్పిందీ అదే, తెలిసినదాని నుంచి తెలియనిదానికి వెళ్లమని. “మన వాద్యాలకు అలాంటి పాఠాలు లేవు కదా, అందుకే రావడం లేదు” అని మేమూ అనుకున్నాం.

పెద్దలతో కూర్చున్నాక తెలిసింది, మనకూ మెట్లు ఉన్నాయని. అవి పుస్తకంలో లేవు. ఏడాదిలో వచ్చే పండుగల్లో ఉన్నాయి.

వానలు పడ్డాక అఖాడి. తర్వాత పొలాల అమావాస్య. దీపావళి వేళకు దండారి. పుస్ నెలలో పెర్సాపేన్ పూజలు, కేస్లాపూర్‌లో మెస్రం వంశంవారి నాగోబా జాతర. ఎండలు ముదిరాక భావె నెలలో మళ్లీ పెర్సాపేన్ పూజలు. మధ్యలో పెళ్లిళ్లు, కర్మకాండలు. వాద్యం పట్టే ఇంట్లో పిల్లవాడికి ఈ చక్రం ఏడాదికోసారి పూర్తిగా తిరిగేది. ఒక పండుగలో విన్నదాన్ని తర్వాతి పండుగ వరకు నెమరు వేసుకునేవాడు. వచ్చే ఏడాది అదే పండుగకు ఒక మెట్టు పైన నిలబడేవాడు.

ఆ మెట్లు ఎలా ఉండేవో ఒక ప్రధాన్ తాత మాకు ఇలా చెప్పాడు. మొదటి మెట్టు వినడం. తండ్రి కథ చెబుతుంటే పిల్లవాడు పక్కనే పడుకునేవాడు. సగం కథ నిద్రలో పోయేది. అయినా వరస చెవిలో పడేది. రెండో మెట్టు మోయడం. వాద్యాన్ని సంచిలో పెట్టుకుని తండ్రి వెంట ఊరూరా నడవడం, వానకు తడవకుండా, ఎండకు తోలు పగలకుండా చూసుకోవడం. మూడో మెట్టు వంత. తండ్రి పాడిన చరణం చివరి మాటను అందుకుని పాడటం. నాలుగోది ఉత్త తీగ మీద విల్లు లాగడం. ఆ తర్వాతే వేలు తీగ మీద పడేది. “వేలు పెట్టనిచ్చేసరికి నాకు మీసాలు వచ్చినయ్” అని నవ్వాడు తాత.

దండారిలోనూ ఇదే తీరు. కొత్త కుర్రాడిని తెచ్చి వాద్యాల వరుస మధ్యలో నిలబెట్టరు. చివరన నిలబడి, పెద్దవాళ్ల చేతులు చూస్తూ, తోడు దెబ్బ వేస్తాడు. గుస్సాడీ బృందం ఊరి నుంచి ఊరికి వెళ్తుంది. పగలూ రాత్రీ వాయించాలి. ఆ కొద్ది రోజుల్లో ఒక కుర్రాడు ఎన్ని గంటలు వాయిస్తాడో లెక్క కట్టండి. ఇంటికి వచ్చేసరికి ఆ దెబ్బ అతని చేతిలో స్థిరపడిపోతుంది. దీన్ని ఎవరూ సాధన అనలేదు, పండుగ అన్నారు.

ఈ పద్ధతిలో మూడు సంగతులు గమనించండి. నేర్చుకునేవాడు ఎప్పుడూ ఒంటరిగా లేడు. చాలా కాలం తేలిక పనే చేశాడు, కాని ఆ పని కచేరీకి నిజంగా అవసరమైన పని. వంత లేకపోతే కథ నడవదు. మూడోది, ఎప్పటికి రావాలో పండుగే గడువు పెట్టింది.

ఒక లోటు కూడా చెప్పుకోవాలి. ఈ మెట్లు మగపిల్లలకే ఉండేవి. పాటలో ఆడవాళ్లు ముందుండేవారు, వాద్యం దగ్గర మాత్రం ఉండేవారు కాదు. ఈ సంగతి మళ్లీ ప్రస్తావిస్తాం.

రాతకు అందింది, అందనిది

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, గోండుల కష్టాలకు కారణాలు తెలుసుకునే పనిని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో మన ఇళ్ల మధ్యే ఇల్లు కట్టుకుని ఉన్నారు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న మాకు ఆ కేంద్రం పేరు వింటే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

హైమన్‌డార్ఫ్ ప్రధాన్‌ల దగ్గర కూర్చుని కథలు విన్నారు. 1948లో వచ్చిన ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ పుస్తకంలో ఆ కథలు, పూజలు అచ్చయ్యాయి. ఆయన తీసిన ఫొటోలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్ సంస్థలో ఉన్నాయి. ఆ పని జరగకపోతే ఎన్నో వివరాలు మనకు మిగిలేవి కావు.

తర్వాత గుంజాల. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని ఆ ఊళ్లో గోండి లిపిలో రాసిన పాత ప్రతులు వెలుగులోకి వచ్చాయి. పరిశోధకులు, ఊరి పెద్దలు కలిసి పనిచేశారు. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. ఇవాళ మన లిపిని కంప్యూటర్‌లో, ఫోన్‌లో వాడుకునే వీలుంది.

ఈ రెండు పనుల వల్ల మాట నిలిచింది, అక్షరం నిలిచింది. విల్లు ఎంత బరువుగా ఆనాలి, మాట ఆగినచోట తీగ ఎంతసేపు సాగాలి, కథలో ఏడుపు వచ్చినప్పుడు వేలు ఎలా జారాలి, ఇవి మాత్రం ఏ పుస్తకంలోకీ పూర్తిగా రావు. వీడియో తీసినా చూడటానికి పనికొస్తుంది, చేతికి రాదు. ఒక చేయి రోజూ పక్క చేతిని చూసి చేస్తేనే వస్తుంది. మన దగ్గర తెగింది ఆ వరుసే.

ఎక్కడ తెగింది

ఒక్క కారణం చెప్పడం న్యాయం కాదు. భూములు చేజారాయి. గింజలు నిండుగా ఉన్న ఇల్లు కథకుడికి ధాన్యం కొలవగలదు. కూలికి వెళ్లే ఇల్లు ఎలా కొలుస్తుంది? రాత్రంతా జరిగే కథ ఒక పూటకు కుదించుకుపోయింది. ప్రధాన్ కుటుంబాల పిల్లలు చదువుకున్నారు, ఉద్యోగాలకు వెళ్లారు. అది మంచిదే. పెళ్లిళ్లకు బ్యాండు, ఆ తర్వాత డీజే వచ్చాయి.

ఇంకో కారణం మాకు బాగా దగ్గరిది, హాస్టల్. ఐదో ఏటో ఆరో ఏటో బడికి వచ్చిన పిల్ల ఏడాదిలో ఎక్కువ భాగం ఊరికి దూరంగా ఉంటుంది. వినే మెట్టు, మోసే మెట్టు, వంత పాడే మెట్టు, మూడూ సాయంత్రాల్లోనూ రాత్రుల్లోనూ ఎక్కవలసినవి. ఆ సాయంత్రాలు మా దగ్గర స్టడీ అవర్లుగా మారాయి. చదువు వద్దని మేము ఎప్పటికీ అనం. హాస్టల్ లేకపోతే ఇవాళ మనలో ఎంతమంది నర్సులు, టీచర్లు, ఇంజనీర్లు ఉండేవారు? కాని చదువు ఇచ్చిన చోటే ఇంకొకటి పోయిందని తెలిసి కూడా ఊరుకోవడం తప్పు.

మా తప్పు ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. పదేళ్ల కిందట తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె సంక్రాంతి సెలవుల నుంచి వస్తూ తాత కింగ్రి తెచ్చుకుంది. మనవళ్లు ఎవరూ పట్టకపోతే, అడిగిన మనవరాలికి ఇచ్చాడట తాత. రాత్రి స్టడీ అవర్‌లో గీపెట్టినట్టు శబ్దం వస్తోందని మిగతా పిల్లలు ఫిర్యాదు చేశారు. మేము ఆ వాద్యం తీసుకుని స్టోర్ రూములో పెట్టించాం. వేసవి సెలవులకు తిరిగి ఇస్తామన్నాం. ఏప్రిల్‌లో తీసి చూస్తే బియ్యం బస్తాల వెనక ఎలుకలు తోలు కొరికేసి ఉన్నాయి. ఆ అమ్మాయి ఒక్క మాట అనలేదు. తీసుకెళ్లడానికి వచ్చిన తాత వాద్యాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “తోలు మళ్ల ఎక్కించుకుంటం అమ్మా. పోరి మూడు నెలలు పట్టుకోలే. అది ఎట్ల ఎక్కిస్తం?” అన్నాడు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేస్తోంది. కింగ్రి మళ్లీ పట్టలేదు.

2024లో రెండు కబుర్లు

2024 జూన్‌లో సకిని రామచంద్రయ్య గారు వెళ్లిపోయారు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరం ఆయన ఊరు. కోయల డోలి కళాకారుడు. డోలు మోగిస్తూ సమ్మక్క సారలమ్మల కథ, కోయ వంశాల కథలు గంటల తరబడి చెప్పేవారు. 2022లో పద్మశ్రీ ప్రకటించారు. అదే 2024 అక్టోబర్‌లో మార్లవాయి కనక రాజు గారు వెళ్లిపోయారు. గుస్సాడీని దేశమంతా చూసేలా చేసిన పెద్ద. 2021లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు.

ఇద్దరి ఫొటోలూ మా హాస్టల్ గోడ మీద ఉన్నాయి. పిల్లలతో దండలు వేయించాం. ఆ రోజు ఒక ఏడో తరగతి పిల్ల అడిగింది, “ఆయన డోలు ఇప్పుడు ఎవరు కొడతారు మేడం?” అని. మేము పేరు చెప్పలేకపోయాం. అవార్డు పెద్దలకు గౌరవం ఇస్తుంది. వాళ్ల చేతి పని ఇంకొక చేతికి అందాలంటే పెద్ద పక్కన ఒక పిల్ల కూర్చోవాలి. ఆ వారమే మేము కొరికిన కింగ్రి ఇంటికి వెళ్లాం.

తాత బతికే ఉన్నాడు. వాద్యానికి కొత్త తోలు ఎక్కించాడు. మమ్మల్ని చూసి మంచం వాల్చమన్నాడు. నేర్పమని అడిగితే కాసేపు ఆలోచించాడు. “ఆదివారం ఆదివారం వస్త. మిగిలిన ఆరు దినాలు మీరు చూసుకోవాలె” అన్నాడు. మా అరగంట అక్కడి నుంచి మొదలైంది.

అరగంట లెక్క

ఆటల పీరియడ్ అయ్యాక, స్టడీ అవర్ మొదలయ్యే ముందు, సాయంత్రం 5.15 నుంచి 5.45 వరకు. రోజూ అదే వేళ, అదే చోటు, వంటగది వెనక వేపచెట్టు కింద. శబ్దం ఎవరి చదువుకూ అడ్డు రాదు. ఆరుగురు పిల్లలు చేరారు. కింగ్రులు రెండే. మొదట ఇది ఇబ్బంది అనుకున్నాం. తాత నవ్వి, “ఇద్దరు వాయించాలె, నలుగురు వంత పాడాలె. ఇంకేం కావాలె?” అన్నాడు. పాత మెట్టు దానంతట అదే తిరిగొచ్చింది.

మొదటి ఐదు నిమిషాలు వినడం, శ్రుతి. తాత పాడిన రెండు చరణాలు ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకున్నాం. ముందు అది వింటారు. తర్వాత తీగలు సరిచేస్తారు. వానాకాలం తేమకు తోలు సడలుతుంది, శ్రుతి దిగుతుంది. నిన్న సరిగా ఉన్నది ఇవాళ ఉండదు. కాబట్టి శ్రుతి చేయడం కూడా రోజూ చేయవలసిన పాఠమే. మనిషి గొంతుకు వాద్యాన్ని సర్దాలి, వాద్యానికి గొంతును సర్దకూడదు.

తర్వాతి పది నిమిషాలు ఉత్త తీగ మీద విల్లు. వేలు పెట్టకూడదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే బరువుతో, మెల్లగా. విల్లు వెంట్రుకలకు గుగ్గిలం పట్టించకపోతే తీగ పలకదు, ఎక్కువైతే గీపెడుతుంది. కొత్తవాళ్లు విసుగుతో మానేసేది ఇక్కడే. మా ఆరుగురిలో ఇద్దరు మూడో వారంలో మానేశారు. మానినవాళ్లను మేము ఏమీ అనలేదు. వాళ్లు వంతకు వస్తూనే ఉన్నారు.

మరో పది నిమిషాలు ఒకే ఒక్క చరణం. కింగ్రికి మెట్లు ఉండవు కాబట్టి వేలు ఎక్కడ పడాలో చెవే చెప్పాలి. అందుకే ముందు ఆ చరణం పాడాలి. పాడలేనిది వాయించలేరు. తప్పు వచ్చినచోట ఆగి, ఆ రెండు మాటలే మెల్లగా ఐదారుసార్లు వాయించాలి. పాట మొదటికి వెళ్లకూడదు. తప్పు దాటుకుంటూ మొదటి నుంచి వాయిస్తే తప్పే గట్టిపడుతుంది. ఈ విషయం లెక్కల ఎక్కాలు చెప్పేటప్పుడు మాకు బాగా తెలిసిందే.

చివరి ఐదు నిమిషాలు అందరూ కలిసి. ఇద్దరు వాయిస్తారు, మిగిలినవాళ్లు పాడతారు. తప్పులు వచ్చినా ఆపం. ఆ రోజుకు అదే మన కచేరీ.

రోజుకు అరగంట అంటే వారానికి ఆరు రోజులకు మూడు గంటలు. బడి తెరిచిన జూన్ నుంచి దండారి వరకు సెలవులు తీసేస్తే 17 వారాలు వేసుకోండి. 51 గంటలు. పూర్వం తండ్రి వెంట తిరిగిన పిల్లవాడు నాలుగైదు రాత్రుల కథల్లోనే అన్ని గంటలు వినేవాడు. కాబట్టి మాది చిన్న లెక్కే అని తెలుసు. కాని ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు కూర్చుంటే చేతికి రాదు. వేళ్లకు నొప్పి వస్తుంది, సోమవారానికి సగం మరుస్తాం. రోజూ కొంచెం చేస్తే నిన్నటిది ఇవాళ గుర్తుంటుంది. అభ్యాసం కూసు విద్య అని ఊరికే అనలేదు.

గడువులు కూడా పెద్దల పద్ధతిలోనే పెట్టుకున్నాం. అఖాడి నుంచి దండారి దాకా విల్లు, వంత. దండారి నుంచి పుస్ దాకా ఒక పాట. పుస్ నుంచి భావె దాకా ఆ పాటను పెద్దల ముందు వాయించే ధైర్యం. సెలవులకు ఊరెళ్లినప్పుడు ఆ ఊరి పెద్ద పక్కన కూర్చుని వంత పాడి రావాలి. అదే మా పరీక్ష.

అనుమతి కూడా పాఠమే

కొన్ని కథలు పేన్ ముందు మాత్రమే చెప్పాలి. దండారి వాద్యాలకు ఏత్మాసుర్ పేన్ పూజ ఉంది. వాటిని ఇష్టం వచ్చినప్పుడు తీసి వేదిక మీద కొట్టేది లేదు. అందుకే మేము ముందు ఊరి పట్లనీ, ప్రధాన్ పెద్దలనూ కలిసి ఏది నేర్చుకోవచ్చో, ఏది కూడదో అడిగాం. వాళ్లు చెప్పిన మామూలు పాటలతోనే సాధన చేస్తున్నాం. తుడుం, డోలు నేర్చుకోవాలనుకునే తమ్ముళ్లు కూడా ముందు ఇలా అడగండి. రీల్స్ కోసం పూజ వాద్యాన్ని ఎత్తకండి. దెబ్బ నేర్చుకోవడానికి పాత డబ్బా, చెక్క పలక చాలు. మన పెద్దల్లో చాలామంది చిన్నప్పుడు వాటి మీదే నేర్చుకున్నారు.

ఆడపిల్లల సంగతి. మా వేపచెట్టు కింద ఉన్న ఆరుగురూ ఆడపిల్లలే. ఒకరిద్దరు పెద్దలు మొహం మీదే వద్దన్నారు. మేము వాదించలేదు. తాత మాత్రం, “పోరలు పట్టనిదాన్ని పోరి పడితే, కింగ్రి ఎందుకు కాదంటది?” అన్నాడు. చివరికి ఊరిలో ఒక మాటకు వచ్చారు. పేన్ స్థానంలో వద్దు, ఇంటి దగ్గర, బడిలో వాయించవచ్చు అని. ఇది సగం తలుపు తెరవడమే. మిగతా సగం గురించి మాట్లాడవలసింది మీ తరమే. ఆ మాట గెలవాలంటే ముందు చేతిలో పాట ఉండాలి.

గత పుస్ నెలలో ఆ నలుగురిలో ఒక పిల్ల సెలవుకు ఇంటికి వెళ్లి, తాత ఇంటి ముందు ఆయన పక్కన కూర్చుని రెండు చరణాలు వాయించింది. రెండో చరణంలో శ్రుతి తప్పింది. తాత ఆపలేదు. తను గొంతు కొంచెం దించి ఆమె తీగతో కలిశాడు. చరణం అయ్యాక వాద్యం తీసుకుని, తీగ బిగించి, మళ్లీ ఆమె చేతికే ఇచ్చాడు.

తాతకు ఇప్పుడు చూపు తగ్గింది. వర్షం పడిన ఆదివారాల్లో రాలేకపోతున్నాడు. ఇంకా ఎన్ని ఆదివారాలు ఉన్నాయో ఎవరూ చెప్పలేరు. మీ ఊళ్లోనూ ఇలాంటి తాత ఒకరు ఉండే ఉంటారు. ఈ సంచిక చదివాక ఆయన ఇంటికి వెళ్లండి. రికార్డు చేయడానికి ఫోన్ తీసే ముందు, ఆయన పక్కన కూర్చుని ఒక చరణానికి వంత పాడండి. ఆ తర్వాత రోజుకో అరగంట పెట్టుకోండి. “ఎన్ని రోజులు పడుతుంది?” అని అడిగే పిల్లలకు మేము ఇప్పుడు చెప్పే జవాబు ఇదే: ఒక దండారి నుంచి ఇంకో దండారి దాకా రోజూ పట్టుకో, అప్పుడు వచ్చి మళ్లీ అడుగు.

జై సేవా.